మోకాలెత్తు అరుగు

12 జనవరి 1957, వికారాబాద్

ఆఫీసులో కొత్త డైరీలు పంచారు. హెడ్ క్లర్కుకు అట్ట మీద బంగారు అక్షరాలున్నది, మాకు మామూలుది. వచ్చే ఏడు నాకూ బంగారు అక్షరాలదే. తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లా నుంచి మన వైపు వచ్చి రెండు నెలలు దాటింది. అక్కడి ఆఫీసు వాళ్లు కొందరు గుల్బర్గాకే వెళ్లిపోయారు, కుర్చీలు ఖాళీ. అక్కడి హెడ్ క్లర్కు పోస్టుకు నేను అర్జీ పెట్టుకున్నాను. జూన్‌లో ట్రాన్స్‌ఫర్ ఖాయమని పెద్ద సాహెబు ఇవాళ చెవిలో వేశాడు.

ఇంట్లో చెప్పలేదు. చెబితే మనోరమ ఎందుకు, ఏమిటి అంటుంది. ఇంకా ఐదు నెలలుంది.

19 జనవరి

తాండూరు నుంచి శంకరప్ప వచ్చాడు. ఇళ్లు, పొలాలు అమ్మించే దలాలు. మాట్లాడితే సగం కన్నడం, సగం తెలుగు, మధ్యలో ఉర్దూ. మనోరమ పక్కింటికి వెళ్లిన వేళ చూసి ఇల్లంతా తిప్పాను. ముందర వీధి అరుగు, రెండు గదులు, వంటిల్లు, వెనక తలుపు. వెనక తలుపు తీస్తే రాళ్ల వాలు, దాని అవతల అనంతగిరి గుట్ట.

గుట్టను చూసి వాడు తల గోక్కున్నాడు. పటేల్ సాబ్, గీ ఇల్లు గిట్లనే అమ్మితే ఐదు వేలు, ఎనక బండల అరుగొకటి ఏపిస్తె ఏడు వేలకు పోతది, నేను అమ్మిపిస్త అన్నాడు. గాలి కోసం హైదరాబాదు వాళ్లు ఇక్కడ ఇళ్లు కొంటున్నారట. దవాఖానాకు వచ్చే వాళ్లు, డాక్టరు గుట్ట గాలి పీల్చమన్న వాళ్లు. వాళ్లతో ఆడవాళ్లుంటారు. ఆడవాళ్లు వీధి అరుగు మీద కూర్చోరు కదా, మరి ఆ గాలికి ఎక్కడ కూర్చోవాలె అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఈ మాటే మనోరమ ఏడేళ్లుగా అడుగుతోంది.

రాసుకుంటే తప్పేముంది. మా వాళ్లలో ఆడవాళ్లు వీధి అరుగు ఎక్కరు. అది మగవాళ్లది, దారిన పోయేవాళ్లది. బంట్వారంలో ఆమె పుట్టింట్లో కల్లమంత వాకిలి ఉంది. ఇక్కడికి వచ్చాక వంటింట్లో నుంచి వెనక తలుపు దాకే ఆమె రాజ్యం. మాకు పిల్లలు లేరు, అత్తామామలు లేరు, పగలంతా ఒక్కతే. సాయంత్రం నేను వచ్చేసరికి వెనక తలుపు దగ్గర చౌకట్టు పట్టుకొని నిలబడి ఉంటుంది. జర ఎనక నాలుగు బండలు ఏపిస్తె కూసుంట కదా అనేది. రాళ్లకు పైసలు పోసే పిచ్చి నాకు లేదనేవాణ్ణి. నిలబడి చూస్తే గుట్ట కనబడదా అని కూడా ఒకసారి అన్నాను.

20 జనవరి

ఆమె చాటలో బియ్యం ఏరుతుంటే చెప్పాను, వెనక అరుగు వేయిస్తానని. చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. ఎవలు చెప్పిన్రు అని అడిగింది. ఎవరూ చెప్పలేదు, నాకే అనిపించింది అన్నాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈమె అడిగింది, నేనే పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను కదా. ఎందుకు పెడితేనేం.

9 ఫిబ్రవరి

తాండూరు బండలు గూడ్సులో వచ్చి స్టేషన్లో దిగాయి. అక్కడి నుంచి రెండు బండ్ల మీద ఇంటికి. వాటి వెనకే మత్తయ్య, అతని భార్య మొగులమ్మ. యాలాల్ వాళ్లు. బండలు పరవడంలో ఇతన్ని మించిన వాడు లేడని శంకరప్ప మాట. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి, ఆదివారం పని ముట్టడు.

ఒక్కో బండను వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. మూడు బండలు పక్కన పెట్టించాడు. లోపల పగులుందట. నాకేమీ కనబడలేదు.

తర్వాత నన్ను అడిగాడు, పటేలా, దీని మీద కూసునేటోళ్లు ఎవలు అని. ఎవరైనా కూర్చోవచ్చు అన్నాను. గట్లంటె ఎట్ల, ఎవలు కూసుంటరో తెల్వకుంటె అది అరుగెట్లయితది, ఉత్త గోడ అయితది అన్నాడు. నాకు కోపం వచ్చింది. కూలికి వచ్చిన వాడు నాకు పాఠం చెబుతాడా? అంతలో మనోరమ తలుపు చాటు నుంచి నేనే కూసుంట అన్నది.

ఆమెను గడప మీద కూర్చోమన్నాడు. దగ్గరికి రాలేదు. ఒక కర్ర మొగులమ్మ చేతికిచ్చి పంపాడు. కర్రను కాలి పక్కన నిలబెట్టి, మోకాలి కింద మడత దగ్గర గోటితో గీయమన్నాడు. ఆమె గీసింది. అతను ఆ గీత మీద ఉలితో గాటు పెట్టాడు.

అతని సంచిలో అలాంటి కర్రలు ఒక మోపు ఉన్నాయి. ఒక్కో ఇంటికి ఒక్కో కర్ర, ఒక్కో రంగు దారం. చదువు రాదు కనుక ఇదే అతని రికార్డు. మనోరమ కర్రకు తన పాత చీర అంచు నుంచి చింపిన పచ్చ పీలిక కట్టింది.

శంకరప్ప రెండున్నర అడుగుల ఎత్తుండాలన్నాడు, దూరం నుంచి దర్జాగా కనబడుతుందట. అదే చెప్పాను. మత్తయ్య కర్ర వైపు చూసి, గంత ఎత్తయితె అమ్మ కాళ్లు ఏలాడుతయి, నడుము గుంజుతది అన్నాడు. మనోరమ నా వైపు చూసింది. సరే, కర్ర ప్రకారమే కానీ అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో లెక్క లేదు.

21 ఫిబ్రవరి

పని సగమైంది. మొగులమ్మ సున్నం కలుపుతుంటే మనోరమ పక్కన కూర్చొని కబుర్లు. ఇద్దరికీ అన్నిళ్ల సంగతులూ కావాలి. నేను వస్తే మాటలు ఆగిపోతాయి.

2 మార్చి

అరుగు పూర్తయింది. మత్తయ్య ఒక బిందెడు నీళ్లు తెప్పించి గోడ మొదట్లో పోశాడు. నీళ్లు ఎక్కడా నిలవకుండా జారి, అంచు మీద నుంచి రాళ్లలోకి కారాయి. వాటం చూసుకోవడమట. బండలు ఆరే దాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆరాక మొదట అమ్మ కూసోవాలె అన్నాడు.

కూర్చుంది. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాయి. గుట్ట మీది నుంచి గాలి వచ్చింది. మత్తయ్య సామాను సర్దుకుని వెళ్లినా లేవలేదు, చీకటి పడినా లేవలేదు. రాత్రి నాకు పొద్దుటి చల్లటి జొన్నరొట్టె, పచ్చిపులుసు. వేరే రోజైతే కంచం నెట్టేసేవాణ్ణి. ఇవాళ తినేశాను.

11 మార్చి

వంట తప్ప పనులన్నీ అక్కడికి మారిపోయాయి. పప్పు ఏరడం అక్కడే, తల దువ్వుకోవడం అక్కడే, చిరుగులు కుట్టుకోవడం అక్కడే. పక్కింటి ఈశ్వరమ్మ గోడ మీదుగా నన్ను పిలిచి మరీ చెప్పింది, మీ మనోరమ మస్తు సంబరపడుతున్నది, ఏడేండ్లకైన నా మాట మనసుల పెట్టుకున్నడు అని నలుగురికి చెప్తున్నది అని.

ఇవాళ చెప్పేసి ఉండాల్సింది.

17 మార్చి

నన్ను కూడా కూర్చోమని పిలిచింది. ఫైళ్లున్నాయన్నాను. ఫైళ్లేమీ లేవు.

24 మార్చి

బంట్వారం నుంచి వాళ్లన్న మల్లప్ప వస్తూ సొరవిత్తనాలు తెచ్చాడు. ఆమె కొంగున మూట కట్టుకుంది. జూన్‌ల వానలు పడంగనె అరుగు అంచు పొంటి పెడత, తీగ గుట్ట దిక్కు పోతది అని చూపించింది. జూన్‌కు మేమిక్కడ ఉండం. పెట్టు అన్నాను.

నేనేమీ దొంగతనం చేయడం లేదు. ఇల్లు నాది. ప్రమోషన్ వస్తే ఆమెకే మంచిది. ధర తేలాక చెబుదామనే. ఇదంతా ఎవరికి రాసుకుంటున్నానో తెలియదు.

7 ఏప్రిల్, ఆదివారం, రాత్రి

ఇది మొత్తం రాయాలి. లేకుంటే రేపు నేనే దీన్ని ఇంకోలా చెప్పుకుంటాను.

శంకరప్ప పొద్దుటి బండికి హైదరాబాదు నుంచి వకీలు జనార్దన్ గారిని, ఆయన తల్లిని తీసుకొచ్చాడు. తల్లికి ఆయాసం. గాలి మార్చమని డాక్టరు చెప్పాడట. మనోరమకు నేను ఆఫీసు పరిచయస్తులు, గుట్ట చూడాలని వచ్చారని చెప్పాను. అలా చెప్పమని ఎవరూ అనలేదు, నా తెలివే.

చుట్టాలు వస్తే ఆమె ఆగుతుందా? చాయ పెట్టింది, అటుకులు వేయించింది. ముసలావిడను చెయ్యి పట్టుకొని వెనక అరుగు మీదికి తీసుకెళ్లి, పాత బొంత మడిచి పరిచి కూర్చోబెట్టింది. ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తు. ముసలావిడ కాళ్లు నేలకు ఆనాయి. అవ్వా, జర సేపు కూసోండి, గాలి ఎట్లొస్తదో చూడుండ్రి అన్నది. ఆయాసం తగ్గినట్టుందని ఆవిడ అనగానే ఇక మనోరమ నోరు ఆగలేదు. సాయంత్రం ఎండ ఏ బండ దాకా వస్తుందో చెప్పింది. వాన నీళ్లు నిలవవని చెప్పింది. మత్తయ్య కర్ర సంగతి చెప్పింది. నేను ఏడేళ్లు కాదని చివరికి తనకోసం ఎలా కట్టించానో చెప్పింది. వకీలుకు, తల్లికి, శంకరప్పకు, నాకు, నలుగురికీ వినబడేలా. మా ఆయన నోటితోని చెప్పడు గని మనసుల ఉంటది అన్నది.

నేను వింటూ నిలబడ్డాను. ఆపలేదు. ఆపకపోవడమే కాదు, నా మనసులో ఏముందో కూడా రాస్తాను. ధర పెరుగుతోంది అనుకున్నాను.

ముసలావిడ కొడుకు వైపు తిరిగి, నాకు గీ జాగనే కావాలె, ఇంకోటి చూపియ్యకు అన్నది. వకీలు శంకరప్పను చూశాడు. శంకరప్ప ఉబ్బిపోయి, నోరు మంచిదైతే ఊరు మంచిది అంటరు గద, అమ్మగారే అమ్మిపిచ్చిన్రు ఇల్లు, నాకు దలాలీ ఎందుకు పటేల్ సాబ్ అన్నాడు. అమ్మనీకె కదా సాబ్ గీ అరుగు కట్టిపిచ్చింది, జనవరిలనే చెప్పిన నేను అని కూడా అన్నాడు.

మనోరమ చేతిలో చాయ గ్లాసులున్నాయి. కింద పడతాయనుకున్నాను. పడలేదు. ఒక్కో గ్లాసు జాగ్రత్తగా పళ్లెంలో పెట్టుకొని లోపలికి వెళ్లింది. మళ్లీ వచ్చి ముసలావిడకు ఇంకాసిని అటుకులు పెట్టింది. వాళ్లు వెళ్లే దాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూడలేక నేను స్టేషన్ దాకా వాళ్ల వెంట పోయాను.

ఏడు వేలు కాదు. ఏడున్నర వేలు ఒప్పుకున్నాడు వకీలు.

8 ఏప్రిల్

తెల్లవారి లేచి అరుగు కడిగింది. కూర్చోలేదు.

9 ఏప్రిల్

ఎన్నడు పోవాలె అని అడిగింది. జూన్ అన్నాను. యాడికి అని కూడా అడగలేదు, నేనే తాండూరు అని చెప్పాను. మంచిగున్నది అన్నది. నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను. ఏడ్చినా ఏదో ఒకటి అనేవాణ్ణి.

2 జూన్

ఇవాళ బండి కట్టాం. ఈశ్వరమ్మ ఏడ్చింది. మనోరమ కొంగు ముడి విప్పి సొరవిత్తనాలు ఈశ్వరమ్మ చేతిలో పోసింది, ఆ ముసలవ్వ వస్తె ఇయ్యి, అరుగు అంచు పొంటి పెట్టమను అన్నది.

రాత్రి పడ్డ మొదటి వానకు అరుగు ఇంకా తడిగా ఉంది. నీళ్లెక్కడా నిలవలేదు.

14 నవంబర్ 1958, తాండూరు

హెడ్ క్లర్కు డైరీకి బంగారు అక్షరాలున్నాయి. రాయడానికి ఏమీ లేదు. ఈ ఇంటి వెనక పది అడుగుల పెరడు, దాని అవతల బండలు నునుపు చేసే షెడ్డు. రోజంతా రాపిడి చప్పుడు, తెల్లటి దుమ్ము.

ఇవాళ అన్నం తింటూ, ఇక్కడ కూడా వెనక ఒక అరుగు వేయిద్దామా అన్నాను. తాండూరులో బండలు కారుచౌక అని కూడా అన్నాను. ఆమె పప్పు వడ్డిస్తూ అడిగింది.

ఎవలకు అమ్మనీకి?

వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

15 నవంబర్

రాత్రంతా ఆ మాటే.

22 ఆగస్టు 1960

ఆఫీసు పని మీద వికారాబాద్ వెళ్లాను. పోకూడదనుకుంటూనే ఆ వీధిలోకి పోయాను. వకీలు గారి తల్లి బతికే ఉంది, ఆరోగ్యంగా ఉంది. నన్ను గుర్తుపట్టి వెనకకు తీసుకెళ్లింది. అరుగు అంచు వెంట సొరతీగ పాకి ఉంది. రెండు కాయలు.

కూసో నాయినా అన్నది. మూడేళ్ల కింద నేను కట్టించిన అరుగు మీద ఇవాళ మొదటిసారి కూర్చున్నాను. నా మోకాళ్లు పొట్ట దాకా వచ్చాయి. నేను పొడుగు మనిషిని, ఇది నా కొలత కాదు. ఎలా సర్దుకున్నా కుదరలేదు. పక్కన ముసలావిడ హాయిగా కూర్చొని ఉంది. గాలి వస్తోంది. ఆ గాలి సంగతి మనోరమ ఎన్నిసార్లు చెప్పిందో. నేను తలుపు దగ్గర నిలబడి వినేవాణ్ణి, లేకుంటే అసలు వినేవాణ్ణే కాదు.

ఆవిడ అడిగింది, మీ ఇంటామె ఎట్లున్నది, అటువంటి మనిషి గీ జాగ ఎట్ల ఇడిసిపెట్టి పోయింది అని. ట్రాన్స్‌ఫర్ అన్నాను. వచ్చేటప్పుడు ఒక సొరకాయ ఇచ్చింది. రైల్లో ఒళ్లో పెట్టుకొని తాండూరు దాకా వచ్చాను. ఎక్కడిదని మనోరమ అడిగింది. అబద్ధం చెప్పడం చేతకాలేదు. ఆమె కాయను అటూ ఇటూ తిప్పి చూసి, కూర వండింది. తను వేసుకోలేదు.

5 జనవరి 1963

మనోరమ పది రోజులకని బంట్వారం పోయింది, మల్లప్ప ఇంట్లో పెళ్లి. నేను యాలాల్ వెళ్లాను.

మత్తయ్య ముసలివాడైపోయాడు. ఎడమ కంటికి పొర వచ్చింది. మొగులమ్మ పోయిన ఏడు చనిపోయిందట, నాకు తెలియదు. తాండూరు ఇంటి వెనక అరుగు వేయాలని చెప్పి, మనోరమ కొలత గుర్తుందా అని అడిగాను. యాదికేముంది పటేలా అని లోపలికి పోయి మోపు తెచ్చాడు. దారాలన్నీ రంగు వెలిసి ఒకటే అయిపోయాయి. వేళ్లతో తడుముతూ వెతికి ఒక కర్ర తీశాడు. దానికి దారం కాదు, మనోరమ కట్టిన పచ్చ పీలిక ఉంది.

అమ్మకు చెప్పినవా అని అడిగాడు. సంతోషపడుతుంది, వచ్చేసరికి కట్టించి పెడదాం అన్నాను. పోయినసారి గిట్ల చెప్పకుంటనే అయింది గద అన్నాడు. మొగులమ్మ చెప్పిందట, ఇల్లు అమ్మిన సంగతి. పని మాత్రం ఒప్పుకున్నాడు. డబ్బులు వద్దన్నాడు. తీసుకునే దాకా నేను కదలలేదు.

14 జనవరి

అరుగు తయారైంది. అదే ఎత్తు. నీళ్లు పోసి చూపించాడు. నిలవలేదు. కూర్చోవడానికి మనిషే లేదు. మత్తయ్య కూర్చోమన్నా నేను కూర్చోలేదు, ఆయన్నే కూర్చోమన్నాను. నాకెందుకు పటేలా అని బండికి టైమైందని వెళ్లాడు.

16 జనవరి

మనోరమ వచ్చింది. వెనక తలుపు తీసింది. చాలాసేపు నిలబడింది. నేను వంటింట్లో నిలబడి ఆమె వీపు చూస్తున్నాను. నా మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఇది అమ్మడానికి కాదు, నీకే, ఒట్టు, అని.

మళ్లీ నన్ను అడక్కుండానే కట్టించిన్రు అన్నది.

అంతే. అప్పుడర్థమైంది. ఆమె బాధ అప్పుడు ఇల్లు అమ్మాననే కాదు, అప్పుడు అమ్మడానికీ ఇప్పుడు కట్టడానికీ తనను అడగలేదనే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, ఆ ఆకులైనా సరైనవి కావు.

17 జనవరి

అరుగు మీద కందులు పోసి ఎండబెట్టింది. అంచు నుంచి అంచు దాకా.

10 మే

కందుల తర్వాత చింతపండు. చింతపండు తర్వాత మిరపకాయలు. ఇప్పుడు వడియాలు. అరుగు మీద చెయ్యి పెట్టే జాగా ఉండదు. సాయంత్రం ఎత్తుతుంది, పొద్దున్నే మళ్లీ పరుస్తుంది. ఎత్తిన తర్వాత కూడా కూర్చోదు. వానాకాలం వస్తే ఏం పరుస్తుందో చూడాలి.

30 జూలై

వానాకాలంలో కడిగిన బిందెలు, గిన్నెలు బోర్లిస్తోంది.

18 డిసెంబర్

చెప్పాను. శంకరప్ప ఇల్లు చూసిన నాటి నుంచి మొదలుపెట్టి అంతా. వకీలు వచ్చిన రోజు నువ్వు మాట్లాడుతుంటే ధర పెరుగుతోందని అనుకున్నాను, ఆపలేదు అని కూడా చెప్పాను. అది ఆమెకు తెలియదనుకున్నాను. తెల్సు అన్నది, మీ మొకం చూసిన గద అన్నది. తప్పయిందన్నాను. ఆ మాట నా నోట ఆమె మొదటిసారి విన్నది. అన్నం చల్లారుతున్నది తినుండ్రి అన్నది.

14 మార్చి 1964

ఇవాళ కందులు సగం అరుగు మీదనే పోసింది. మిగతా సగం ఊడ్చి వదిలేసింది. ఆ జాగా నాకా, తనకా, అడగలేదు. అడగాలని మాత్రం అనుకున్నాను. సాయంత్రం దాకా అక్కడ ఎవరూ కూర్చోలేదు. నేను వెనక తలుపు దగ్గర చౌకట్టు పట్టుకొని నిలబడ్డాను. నిలబడి చూస్తే అంతా కనబడుతుంది.